ఒకే కప్పు కింద ఉంచరాదు

ఆర్హూస్,
12 జనవరి 1976

తమ్ముడు ఎస్బెన్‌కి,

క్రిస్మస్‌కి నువ్వు పంపిన బాతు అందింది. రుచికి వంక పెట్టను గానీ, మెడ దగ్గరా రెక్కల కిందా ఈకలు అలాగే ఉన్నాయి. ఇన్నేళ్లలో నీ చేతి బాతులో ఒక్క ఈక ఎరగను. ఏం వచ్చిందిరా నీకు, బద్ధకమా?

సరే, అసలు సంగతి. లిస్బెట్ నీళ్లోసుకుంది. నా కూతురికి బిడ్డ పుట్టబోతోందంటే ఇల్లంతా గంతులెయ్యాలి కదా! రెండు రోజులు వేశాం కూడా. మూడోరోజు ఆసుపత్రికి వెళితే డాక్టరు మీ ఇంట్లో పెద్ద జబ్బులేమైనా ఉన్నాయా అని మామూలుగా అడిగాడట. ఇది నవ్వుతూ చెప్పిందట, మా తాతకి చేతులు వాటంతటవే ఎగిరేవి, నడిస్తే డాన్సు చేస్తున్నట్టుండేది, చివరికి మాట కూడా పడిపోయిందని అమ్మ చెప్పేది అని. డాక్టరు కలం కింద పెట్టేశాడు.

ఆ జబ్బుకి ఒక పేరు చెప్పాడు, రాసినా నీకు నోరు తిరగదు. నలభై దాటాక మొదలవుతుందట. తల్లికో తండ్రికో ఉంటే పిల్లల్లో సగంమందికి వస్తుంది, రానివాళ్ల నుంచి ముందుకి పోదు. ఎవరికి వస్తుందో చెప్పే పరీక్ష లేదు, మందు లేదు. నాన్నది అదే జబ్బయితే నాకు రావచ్చు, నా నుంచి లిస్బెట్‌కి, దాని నుంచి కడుపులో ఉన్నదానికి. బిడ్డ వద్దనుకుంటే పన్నెండో వారం లోపలే. ఆ గడువు ఫిబ్రవరి ఇరవై మూడు.

చివరి రోజుల్లో నాన్న దగ్గరున్నవాడివి నువ్వే. నేను చదువూ ఉద్యోగమూ అని ఇక్కడే ఉండిపోయాను. నీకు తెలిసిందంతా రాయి. నాన్చకు.

అక్క
డాగ్నీ


టోర్‌లండ్, మోర్స్ ద్వీపం,
20 జనవరి

అక్కా,

నీ అక్షరాలు చూస్తే ఇప్పటికీ చేతులు కట్టుకుని నిలబడాలనిపిస్తుంది. టీచరమ్మవి, నా అక్షరాలకి ఎర్రసిరా పెట్టకు. ఆవు తన్నింది, కుడిచెయ్యి సరిగ్గా లేదు. బాతు సంగతీ అంతే. ఈకలు లోపలికెళ్తే కడుపు వెచ్చగా ఉంటుందిలే.

లిస్బెట్ తల్లవుతోందంటే ఎంత సంతోషమేసిందో చెప్పలేను. పక్కింటి హెర్డిస్‌కి కూడా చెప్పేశాను. అప్పుడే ఊలు తీసి మేజోళ్లు అల్లడం మొదలెట్టేసింది.

నాన్న సంగతి తవ్వడం ఎందుకు? నాన్న తాగేవాడు. ఊరంతా అదే అంటుంది. అంతటితో వదిలెయ్. ఆ డాక్టర్లకేం, నాలుగు పుస్తకాలు చదివి కడుపుతో ఉన్న పిల్లని బెదిరిస్తారు. దాన్ని కడుపునిండా తినమను, కాఫీ తగ్గించమను.

ఇక్కడ ద్వీపం చుట్టూ ఫియోర్డ్ నీళ్లు గడ్డకట్టాయి. గాలి తలుపు సందుల్లోంచి వచ్చి మంచమెక్కి పడుకుంటోంది.

తమ్ముడు
ఎస్బెన్


ఆర్హూస్,
27 జనవరి

ఎస్బెన్,

నాన్న తాగేవాడా? ఎవరి చెవిలో పూలు పెడుతున్నావురా? పద్నాలుగేళ్లు ఆ ఇంట్లో ఉన్నాను, ఒక్క సీసా చూడలేదు. మన ఊళ్లో పిచ్చివాడనిపించుకోవడం కంటే తాగుబోతు అనిపించుకోవడం నయం, అందుకే అమ్మ ఆ మాట పుట్టనిచ్చింది. ముసలివాళ్లు మన ఇంటిపేరెత్తి గొంతు తగ్గించి ‘బుండ్‌గోర్ వాళ్లకి కుదురు తప్పుతుంది’ అనేవాళ్లు, గుర్తుందా? మనం గుమ్మంలోకి రాగానే మాట మింగేసేవాళ్లు.

లిస్బెట్‌ని ఆ జబ్బున్నావిడ దగ్గరికి తీసుకెళ్లారు, చూస్తానని అదే పట్టుబట్టింది. వయసు నలభై నాలుగట. మంచానికి చుట్టూ దిండ్లు కట్టారట, కొట్టుకోకుండా. ఇంటికొచ్చి కోటు కూడా విప్పకుండా కూర్చుంది. అల్లుడు ప్రెబెన్ బతిమాలి బతిమాలి ఆఖరికి తనే బొత్తాలు విప్పాడు. పెళ్లై రెండేళ్లు కాలేదు, వాడి మొహం చూడలేకపోతున్నాను.

డాక్టరుకి మన వంశం పటం కావాలట. తాత దగ్గర్నుంచి నాదాకా ఎవరు ఎప్పుడు పుట్టారు, ఎవరికి పుట్టారు, దేంతో పోయారు. నువ్వు పాస్టరుగారింటికి నడిచెళ్లి చర్చి పుస్తకంలో చూసి రాయి. తాత మిక్కెల్, అత్త స్టీనె, నాన్న, ఆఖర్న నా పుట్టుక.

నీకు గుర్తుందో లేదో, మన చిన్నప్పుడు ప్రతి పుట్టుకా చావూ రెండు పుస్తకాల్లో రాసేవాళ్లు. పాస్టరుగారింట్లో ఒకటి, బడి టీచరు లౌరిట్సెన్‌గారింట్లో ఒకటి. ఒక ఇల్లు తగలబడితే రెండో ఇంట్లోది మిగలాలని, ఆ రెంటినీ ఒకే కప్పు కింద ఉంచకూడదని రాజుగారి కాలం నాటి కట్టడి. రెండూ సరిచూసేటప్పుడు కూడా లౌరిట్సెన్‌గారు తన పుస్తకం పట్టుకుని పాస్టరుగారి గుమ్మం బయటే నిలబడేవారు, వానొస్తే గొడుగు పట్టుకుని. మనం నవ్వేవాళ్లం. ఆ టీచరు పుస్తకం ఇప్పుడు వీబోర్‌లో పాత దస్తావేజుల కచేరీలో ఉంటుంది. దానికోసం అంతదూరం పోనక్కర్లేదు, రెంటిలో ఉండేది ఒకటే కదా. పాస్టరుగారిది చాలు.

రెండు వారాల్లో నాకు అందాలి.

డాగ్నీ


టోర్‌లండ్,
7 ఫిబ్రవరి

అక్కా,

వెళ్లాను. కొత్త పాస్టరుగారు కుర్రాయన, కాఫీ ఇచ్చాడు. కప్పు పట్టుకోకుండా పుస్తకం ముందేసుకున్నాను. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

తాత మిక్కెల్ బుండ్‌గోర్. 1911లో బీదల ఆశ్రమంలో పోయాడు, యాభై ఆరేళ్లు. కారణం దగ్గర ‘కుదురు లేని వ్యాధి’ అని ఉంది. అది మన ఊరి మాట అనుకున్నాను, పాస్టరుగారి మాట కూడానట.

అత్త స్టీనె. 1938. నూతిలో పడి. ‘ప్రమాదం’ అని రాసి, ఆ మాట కింద గీత గీశారు. ఎందుకు గీశారో ఇప్పుడెవరిని అడుగుతాం?

నాన్న క్రెస్టెన్. 1951. ‘గుండె’ అని ఉంది. నాన్నకి గుండె తప్ప అన్నీ పాడయ్యాయి అక్కా, నీకు ముందు ఉత్తరంలో అబద్ధం రాశాను. అది తాగుడు కాదు. ఆఖరి మూడేళ్లు నేనే చెంచాతో తినిపించాను. డాక్టరు చెప్పిన జబ్బు అదే అయ్యుంటుంది.

నువ్వు. 3 మే 1922. తల్లి యొహానె. తండ్రి క్రెస్టెన్ బుండ్‌గోర్. పాస్టరుగారి పుస్తకంలో ఇదే ఉంది.

అక్కా, ఒక మాట విను. ఈ పుస్తకాలు చూసి ఏదీ తేల్చుకోకండి. పుస్తకం రాసేదీ మనుషులే. బిడ్డని ఉంచుకోమని లిస్బెట్‌తో చెప్పు, మావయ్య చెప్పాడని చెప్పు. నేను పదిహేనో తారీఖు ఆదివారం బస్సులో వస్తాను. నీతో ఒకటి మాట్లాడాలి. కాగితం మీద రాసేది కాదు.

అప్పటిదాకా ఏమీ చెయ్యనివ్వకు.

ఎస్బెన్


ఆర్హూస్,
21 ఫిబ్రవరి

ఎస్బెన్,

ఆదివారం బస్టాండులో మూడు బస్సులు చూశాను. సోమవారం కూడా వెళ్లాను. ఫోను పెట్టించుకోమంటే గోడలకి చెవులొస్తాయంటావు. హెర్డిస్ ఇంట్లో ఫోనుంది కదా, అక్కడినుంచైనా ఒక్క మాట చెప్పచ్చు కదా!

గురువారం లిస్బెట్ వెళ్లి చేయించుకుంది.

నేను గదిబయట కూర్చున్నాను. బయటకొచ్చి ‘ఆకలేస్తోందమ్మా’ అంది. ఇంటికొచ్చి రై రొట్టె మీద వెన్న రాసిస్తే ఒక ముక్క కొరికి పక్కన పెట్టింది. అప్పటినుంచీ గోడవైపు తిరిగి పడుకునే ఉంది. ఇంకెప్పుడూ వద్దు అంటోంది. ఇరవై ఆరేళ్లు దానికి.

నువ్వు బిడ్డని ఉంచుకోమన్నావని చెప్పాను. ‘ఎందుకట?’ అంది. ఏం చెప్పను? నువ్వే రాశావు, తాతా అత్తా నాన్నా నేనూ, వరసగా. తండ్రి క్రెస్టెన్ బుండ్‌గోర్ అని నువ్వే రాశావు.

మాట్లాడాలన్నది ఏమిటో ఇప్పుడు చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే.

డాగ్నీ


టోర్‌లండ్,
1 మార్చి

అక్కా,

నీ ఉత్తరం చదివి ఆవుల కొట్టంలోకి వెళ్లి కూర్చున్నాను. పాలు పిండలేదు. అవి అరుస్తుంటే హెర్డిస్ వచ్చి పిండింది.

బస్సు దొరకలేదు. అంతకన్నా రాయలేను. హెర్డిస్ అల్లిన మేజోళ్లు నా దగ్గరే ఉన్నాయి. ఏం చెయ్యాలో తెలియక సొరుగులో పెట్టాను.

ఎస్బెన్


వీబోర్,
19 మే

ఎస్బెన్,

అత్త స్టీనె పిల్లలు స్కీవె వైపు స్థిరపడ్డారని విన్నాను. వాళ్లకీ పిల్లలుంటారు, వాళ్లకి తెలియాలి కదా అని రెండు రోజుల సెలవు పెట్టి ఇక్కడికొచ్చాను. వాళ్ల పుట్టుకలు వెతకాలంటే టోర్‌లండ్ పుస్తకం కావాలన్నాను. బూడిదరంగు కోటాయన తెచ్చి బల్లమీద పెట్టాడు. అట్ట లోపల లౌరిట్సెన్‌గారి సంతకం. టీచరు పుస్తకం.

స్టీనె పిల్లలు దొరికారు. ఇద్దరు. అక్కడితో లేచిపోవాల్సింది. నా పేరు మన మాస్టారు ఎలా రాశారో చూద్దామని, కేవలం ముచ్చటకి, 1922 తిప్పాను.

‘3 మే. డాగ్నీ. పెళ్లికాని పనిపిల్ల యొహానెకు. తల్లి చూపిన తండ్రి: అంటన్ స్కోవ్, బావులు తవ్వేవాడు.’

తల్లి చూపిన తండ్రి. ఆ మాట ఎందుకు రాస్తారో నాకు తెలుసు, ముప్పై ఏళ్లుగా పిల్లలకి చరిత్ర చెబుతున్నాను. పెళ్లికాని పిల్ల నొప్పులు పడుతుంటే మంత్రసాని వంగి తండ్రి ఎవరే అని అడగాలి, అది ఆవిడ విధి. ఆ నొప్పిలో ఎవరూ అబద్ధం చెప్పరని. నొప్పుల్లో మన అమ్మ నోటినుంచి వచ్చింది ఆ పేరు.

కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాను. కోటాయన మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

నాకు ఆ జబ్బు లేదురా. నాకెప్పుడూ లేదు. లిస్బెట్‌కి లేదు. దాని బిడ్డకి లేదు.

ఒక్కటే అడుగుతున్నాను. నీకు తెలుసా? ‘పాస్టరుగారి పుస్తకంలో ఇదే ఉంది’ అని రాశావు. ఆ మాట మూడు నెలలకు పైగా నా దగ్గరుంది, ఇవాళ అర్థమైంది. తెలిసి రాశావా?

డాగ్నీ


టోర్‌లండ్,
6 జూన్ నుంచి

అక్కా,

తెలుసు.

పెన్సిలుతో రాస్తున్నాను, కలం కాగితాన్ని చించేస్తోంది. రోజుకి నాలుగైదు వరసలు వస్తున్నాయి. ఎన్ని రోజులు పడుతుందో.

అమ్మ పోయే ముందు, 68లో చెప్పింది. ఆ బావులవాడు నువ్వు పుట్టకముందే ఓడెక్కి వెళ్లిపోయాడట. నాన్న అప్పటికే అమ్మంటే పడిచచ్చేవాడు. నువ్వు పుట్టిన నాలుగోరోజు, చర్చికి వేసుకునే ఆదివారం బట్టలు వేసుకుని పాస్టరుగారింటికి వెళ్లి ‘ఆ పిల్లకి నా పేరు రాయండి’ అన్నాడట. పాస్టరుగారు రాసేశారు. టీచరుగారు అప్పటికే మంత్రసాని చెప్పింది రాసేసుకున్నారు, సిరాతో రాసింది కొట్టెయ్యను అన్నారట. ఆ ఇద్దరూ ఆ తర్వాత సంవత్సరం పాటు ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదట.

‘క్రెస్టెన్ ఇచ్చిన పేరు దాని దగ్గర్నుంచి లాగెయ్యకురా’ అంది అమ్మ. నేను మాటిచ్చాను. నాన్న ఆఖర్న నన్ను కూడా ‘డాగ్నీ’ అనే పిలిచేవాడు. ఆ ఒక్క పేరే మిగిలింది ఆయన నోట్లో.

ఇదంతా నిజమే. అయినా నేను చెప్పకపోవడానికి ఇది కారణం కాదు. అమ్మకిచ్చిన మాట పసిబిడ్డ కంటే ఎక్కువని అనుకునేటంత వెధవని కాను.

నాకు మొదలై మూడేళ్లయింది. ఆవు తన్నలేదు. బాతు ఈకలు నా వేళ్లకి దొరకలేదు. మొన్న శరదృతువులో ట్రాక్టరు కాలవలోకి పోనిచ్చాను, ఊళ్లో నేనూ తాగుతున్నానని అనుకుంటున్నారు. పోనీ అనుకోనీ అని వదిలేశాను, అమ్మలాగే.

జనవరిలో నీ ఉత్తరం చదివిన రోజు నేను అనుకున్నది ఇది. తనకి కూడా వస్తుందేమో అని అక్క భయపడుతోంది. ఆ భయంలో ఇద్దరం ఉన్నాం. నిజం చెప్పానంటే అక్క బయటికి వెళ్లిపోతుంది, నేనొక్కడినే మిగిలిపోతాను. అక్క నాకు సగం అక్కే అయిపోతుంది. నీకు తెలియనంతకాలం నాకు తోడున్నట్టుండేది. ఇది మనసులో ఉంచుకుని ఆ కాగితం మీద తండ్రి క్రెస్టెన్ బుండ్‌గోర్ అని రాశాను.

పదిహేనో తారీఖు బయల్దేరాను. నికోబింగ్ పట్నం దాకా పోయి బస్సెక్కబోతే డ్రైవరు నా నడక చూసి ‘తాగినవాళ్లని ఎక్కించుకోను ముసలాయనా, దిగు’ అన్నాడు. తాగలేదయ్యా అన్నాను, నాలుక మడతపడింది. లోపల కూర్చున్నవాళ్లు నవ్వారు. తిరిగి నడిచి వచ్చాను, దారిలో రెండుసార్లు పడ్డాను. హెర్డిస్ ఇంటికెళ్లి ఫోను చేతిలోకి తీసుకున్నాను కూడా. నువ్వు ఎత్తితే చెప్పెయ్యాలి కదా. పెట్టేశాను. బస్సు వంక దొరికింది నాకు.

సోమవారం చెయ్యచ్చు. మంగళవారం చెయ్యచ్చు. బుధవారం కూడా చెయ్యచ్చు.

క్షమించమని అడగను. ఆ మాట రాయడానికి నాకు మొహం లేదు. లిస్బెట్‌కి ఈ ఉత్తరం చూపించు. దాచకు. ఇంట్లో దాచింది చాలు.

20 జూన్. ఇక్కడికి అయింది.

ఎస్బెన్


ఆర్హూస్,
14 సెప్టెంబరు

ఎస్బెన్‌కి,

నీ ఉత్తరం వచ్చి రెండున్నర నెలలు దాటింది. ఐదుసార్లు జవాబు రాసి చింపేశాను. మొదటిదాంట్లో నేను రాసిన తిట్లు నాకు వచ్చని నాకే తెలియదు.

లిస్బెట్‌కి చూపించాను. నిలబడే రెండుసార్లు చదివింది. మడిచి నా చేతికిచ్చి, గిన్నెలు తోమడానికి వెళ్లింది. తోమినవే మళ్లీ తోమింది. తర్వాత ‘నన్ను మాత్రం ఆయన దగ్గరికి రమ్మనకమ్మా, ఈ జన్మలో’ అంది. నేను రమ్మనను. నువ్వూ అడగకు. పిల్లల్ని కనొచ్చు కదా ఇప్పుడు అని ప్రెబెన్ మెల్లిగా అన్నాడు ఒకరోజు. లేచి వెళ్లిపోయింది.

మీ కుర్ర పాస్టరుగారికి నేనే రాశాను. పుస్తకంలో తప్పుందని తేలితే పక్కన సరిదిద్ది రాయచ్చు, చేయమంటారా అని జవాబిచ్చాడు. చాలారోజులు ఆలోచించాను. వద్దన్నాను. నాలుగోరోజు బిడ్డ కోసం ఆదివారం బట్టలేసుకుని వెళ్లిన మనిషి పేరు నేను కొట్టించను. నాకు తెలిసిన నాన్న ఆయనే. వీబోర్ పుస్తకంలో ఉన్నది కూడా అలాగే ఉంటుంది, అది అమ్మ మాట. రెండూ ఉండనీ.

లిస్బెట్ బిడ్డ మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. పాస్టరుగారిదాంట్లో లేదు, టీచరుగారిదాంట్లో లేదు. పుట్టినవాళ్లకీ పోయినవాళ్లకీ పుటలున్నాయి, దానికి లేదు. ఆ బిడ్డ గురించి రాసి ఉన్నదల్లా మన ఉత్తరాల్లోనే. అందుకే చింపకుండా దాచాను, నీవీ నావీ. నీ దగ్గరున్నవి కూడా చింపకు.

నిన్న హెర్డిస్ ఫోను చేసింది. నువ్వు వంటింట్లో పడిపోయి సాయంత్రం దాకా లేవలేకపోయావట. రొట్టె గొంతుకి అడ్డం పడుతోందట. నిన్ను ఆశ్రమంలో చేర్చడానికి ఊరి పెద్దలు కాగితాలు తయారుచేస్తున్నారట. తాత మిక్కెల్ పోయిన ఆశ్రమం ఇప్పుడు పేరు మార్చుకుంది గానీ గోడలు అవే కదా. హెర్డిస్‌తో చెప్పాను, ఆ కాగితాల మీద ఎవరూ సంతకం పెట్టక్కర్లేదని.

బళ్లో ఏడాది సెలవడిగాను. ఇచ్చారు.

సరిగ్గా విను, ఒక్కసారే చెబుతాను. నిన్ను క్షమించి రావడం లేదు. నీ మొహం చూశాక ఏమంటానో నాకే తెలియదు. తలుపు దగ్గర నిన్ను కొట్టినా కొడతాను. కానీ నాన్నకి చెంచాతో తినిపించేటప్పుడు నేను లేను, మూడేళ్లు నువ్వొక్కడివే తినిపించావు. ఇప్పుడు నీకు తినిపించాలంటే వణకని చెయ్యి కావాలి. నాది వణకదని ఇప్పుడు తెలిసింది కదా. అది నీ దగ్గర్నుంచే తెలియాల్సింది, ఫిబ్రవరిలో.

ఆదివారం మధ్యాహ్నం బస్సుకి వస్తున్నాను. సొరుగులో ఉన్న మేజోళ్లు తీసి నా మంచం మీద పెట్టు, అవి నాకివ్వు.

నేనొచ్చేదాకా బంగాళాదుంపలు పొయ్యి మీద పెట్టకు. చేతులు కాల్చుకుంటావు. నేనొచ్చి వండుతాను.

అక్క